రెండు నల్ల గీతలు

అల్లూరులో రొయ్యల మేత కొట్టు లెక్కలు నావి.
మొత్తం కూడి, కింద రెండు గీతలు గీస్తే
ఆ పద్దు ముగిసినట్టు.
కార్తీకంలో మా చెరువులో దిగే బాతుకి
తెల్లటి తల వెనక సరిగ్గా అవే రెండు గీతలు.
ఎవరు కూడారో, ఎంత తేలిందో
చూద్దామనే మొదట బైనాక్యులర్ కొన్నాను.

సంఘం కాదు, పేరు లేదు, రసీదు పుస్తకం లేదు మాకు.
ఆదివారం తెల్లారగట్ట
కలుజు పక్కన బండ్లు ఆపేవాళ్లం, అంతే.
కరెంటాఫీసు నించి రిటైరైన పెంచలయ్య,
కుట్టుమిషను ఖాదర్‌వలీ,
ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో కూలికిపోయే వెంగమ్మ
(అద్దాలు ఆమెకి అడ్డం, వట్టి కంటితోనే ముందు చూస్తుంది),
ఇంకా దశరథరామిరెడ్డి,
రాత్రంతా నారుమడి గట్టున డబ్బా కొట్టి
ఆ బాతుల్నే తోలినాయన.

నలభై నెలలు చీటీ కట్టాం.
ఒక్కరూ పాట పాడలేదు.
"యాడికంటయ్యా పొయ్యేది?" బజారు అడిగింది.
మంగోలియాకన్నాం.
"యేముందాడ?"
"మన బాతులు."

చెన్నై విమానాశ్రయంలో
వెంగమ్మ సంచిలో చిన్న మూట, తెల్లటి పొడి.
కుర్రాడు చేతులకి తొడుగులేసుకున్నాడు.
ఆమె రెండు రవ్వలు నాలిక మీద వేసుకుని
"ఉప్పయ్యా," అంది. "నేను తీసిందే."

అక్కడ చెట్టు లేదు. గట్టు లేదు.
కన్ను ఎక్కడ ఆగాలో తెలీక
మొదటి సాయంత్రం ఎవరం మాట్లాడలేదు.
ఖాదర్‌వలీ మాత్రం కాసేపటికి,
"ఎన్ని తాన్ల గుడ్డ పడుద్ది దీనికి?" అన్నాడు,
ఎవర్నీ కాదు.

సరస్సు దగ్గర గుండ్రటి గుడారం, ఒయూన్ అనే ఆమెది.
ఆమె భాష డ్రైవరుకి, డ్రైవరు ఇంగ్లీషు పెంచలయ్యకి,
పెంచలయ్య మాకు.
మూడు మడవలు దాటొచ్చిన నీళ్లలా
మాట ఆలస్యంగా, కొంచెం బురదగా చేరేది.
ఆమె వేలు చాపింది.
"మా బాతులు," అని చేరింది.

పిల్లలతో ఉన్నాయి.
అన్నేళ్లు చూశాం గానీ, వాటికి పిల్లలుంటాయని
తెలుసు తప్ప తోచలేదెప్పుడూ.
గడ్డిలో నాలుగు పచ్చటి ఉండలు,
తలల మీద గీతలింకా పడలేదు.
ఎవరో అప్పుడే కొత్త పుస్తకం తెరిచి
అంకె వెయ్యకుండా లేచిపోయినట్టు.

చలికాలం ఎక్కడికో పోతాయట, ఆమె అడుగుతోంది,
అక్కడ ఏం తింటాయి?
ఎవరన్నా కొడతారా?
రామిరెడ్డి నేల చూశాడు.
"మా మొలగొలుకుల నారు తింటాయని చెప్పు పెంచలయ్యా.
డబ్బా సంగతి చెప్పబాక."
పెంచలయ్య డబ్బా సంగతే ముందు చెప్పాడు.
ఒయూన్ పొట్ట పట్టుకుని నవ్వింది,
తర్వాత రామిరెడ్డికే ముందుగా టీ పోసింది.

ఆ టీ ఉప్పన.
మేం నలుగురం మింగలేక మొహాలు చూసుకుంటుంటే
వెంగమ్మ గటగటా తాగి,
మూట విప్పి, చిటికెడు ఆమె గిన్నెలో రాల్చింది.
ఒయూన్ చప్పరించి చూసి,
మళ్లీ చెయ్యి చాపింది.
అది మాత్రం ఎవరూ తర్జుమా చెయ్యలేదు.

"అంత డబ్బు తగలేసి పొయ్యి
మన బాతుల్నే చూసొచ్చినారా?" అంది బజారు.
"మనవి గావు," అంది వెంగమ్మ.
మరెవరివంటే కయ్యలోకి దిగిపోయింది.

మొన్న ఆశ్వయుజం పద్దు కూడి
ఒక గీత గీసి ఆగాను.
"రెండోదేదయ్యా?" అని కసిరాడు మా షావుకారు.
గీశాను. జీతం ఇచ్చేది ఆయనే.

నిన్న రాత్రి అవి దిగాయి.
చీకట్లో, పై నించి, మొరటు గొంతులు.
ఇంట్లో లేచి కూర్చుని వింటున్నాను.
రామిరెడ్డి మానలేదు, పంట పంటే.
కానీ ఒంటిగంటయింది, రెండయింది,
మూడు దాటాక గానీ
డబ్బా మోగలేదు.